నీళ్ళ కోసం దారి

"ముందు చక్రాన్ని మర్చిపో నివెస్," అన్నాడు ఒత్తావియో
మొదటిరోజు నా చేతికి పలుగిస్తూ.
"మనం వేసేది నీళ్ళు దిగిపోయే దారి.
నీళ్ళు వద్దని వదిలేసిన చోట
సైకిళ్ళు పోతాయి."

అప్పటిదాకా నావి
హోటల్ దుప్పట్లు మడిచిన చేతులు.
వారం తిరిగేసరికి బొబ్బలు,
నెల తిరిగేసరికి బొబ్బలున్న చోట చెక్క.

లిగూరియా కొండ ఇది. కింద సముద్రం,
సముద్రానికీ మాకూ మధ్య అరలరలుగా ఆలివ్ తోటలు,
ఏ ముత్తాత పేర్చాడో తెలియని రాతికట్టలు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయికున్న నమ్మకం తప్ప.
చలి తగ్గగానే వ్యాన్లొస్తాయి,
నెత్తిన సైకిళ్ళు మోసుకుంటూ, ఆల్ప్స్ అవతల నించి.
ఒక్కో సైకిలు ఖరీదు
అల్బేనియాలో తన ఊరి లెక్కన ఎన్ని ఆవులో
ఫాత్మిర్ వేళ్ళు మడిచి చెప్పేవాడు.
నవ్వేవాడు. మళ్ళీ లెక్కపెట్టేవాడు.

మూడు వారాలు ఒక్క మలుపు కట్టాం.
అడుగున రాళ్ళు, మీద ఎర్రమట్టి,
తడిపి, పార వీపుతో కొట్టి, మళ్ళీ తడిపి
అరచేయి ఆనిస్తే చల్లగా, నున్నగా తగిలేదాకా.
మొదటి చక్రం దాన్ని నాలుగు సెకన్లలో దాటింది.
నేను గడియారం చూశాను.
చూడకుండా ఉండాల్సింది.

ఒత్తావియో పోయే సైకిలు వైపు తలెత్తలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని
అది వదిలిన చారని చదువుతున్నాడు.
"ఇదిగో, ఇక్కడ భయపడ్డాడు,"
బ్రేకు ఈడ్చిన చోట వేలు పెట్టాడు.
"భయపడ్డ చోటే దారి అరుగుతుంది.
పైన ఇంకాస్త వంపు తిప్పుదాం,
ఇక్కడికొచ్చేసరికి భయం ఉండకూడదు."
మర్నాడు మళ్ళీ తవ్వాం.

మలుపు కిందే దెల్ఫీనా తోట.
"సంతకం పెట్టింది మా ఆయన. నేను కాదు," అంటుంది.
ఆయన పోయి రెండేళ్ళు.
దారికి అడ్డంగా పాత ఇనప మంచం తలాపి పెట్టేది,
పూలూ తీగలూ పోతపోసిన తలాపి,
పెళ్ళినాటిదట.
పొద్దున మేం పక్కకి జరిపేవాళ్ళం,
సాయంత్రం ఆమె తెచ్చి నిలబెట్టేది.
దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు.

నవంబరులో మూడు రాత్రులు వాన,
కొండకి చెవులు గింగురుమనే వాన.
నాలుగో రోజు తెల్లారకముందే టార్చిలైట్లతో ఎక్కాం,
కట్టిందంతా సముద్రంలో కలిసిపోయుంటుందనుకుంటూ.
నీరు పల్లమెరుగు, నిజమే.
ఆకులడ్డుపడితే మాత్రం
ఎంత తెలివైన నీరైనా దారి తప్పి గోడలు కూల్చుతుంది.

మలుపు ఉంది.
దాని కింద, రాతికట్టకి వదిలిన తూము నోట్లో
మోకాలి లోతు బురదలో దెల్ఫీనా,
కాళ్ళకి మొగుడి బూట్లు, చేతిలో మొగుడి పార.
రాత్రంతా ఆకులు తోడుతూనే ఉందట.
ఫాత్మిర్ థాంక్స్ చెప్పబోయాడు.
"మీ కోసం కాదు," అంది. "గోడ కోసం.
గోడ పోతే మట్టి పోతుంది. మట్టి పోతే చెట్టు."
ఆగి, ఉమ్మి,
"మీ సైకిళ్ళు ఏ గంగలో పడితే నాకేం?"

ఒత్తావియో ఏం అనలేదు.
ఆమె చేతిలోంచి పొడుగు పార మెల్లగా తీసుకుని
తన సంచిలోంచి ఇంకోటి ఇచ్చాడు,
పొట్టి పిడిది, ఆమె ఎత్తుకి సరిగ్గా కుదిరేది.
ఎప్పుడు చేయించాడో నాకు తెలీదు.
ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
"బరువెక్కువ," అంది.
ఇవ్వమంటే తిరిగివ్వలేదు.

పర్యాటక శాఖవాళ్ళు పైన కొత్త బోర్డు పెట్టారు,
దారి పేరు, కష్టం ఎంతో చెప్పే రంగు, ఫోన్ నంబరు.
దాన్ని కట్టినవాళ్ళు దాంట్లో లేరు, ఫర్లేదు.
వాన పడ్డ ప్రతిసారీ తూము దగ్గర
మాకన్నా ముందే ఎవరో వచ్చిపోయిన గుర్తులుంటాయి,
పొట్టి పార గాట్లు.

మంచం తలాపి మాత్రం ఆమె మానలేదు.
పొద్దున మేం జరుపుతాం,
సాయంత్రం తెచ్చి పెడుతుంది.