ఉద్దెర

గిర్మాజీపేట గల్లీల, మెట్ల కింద అర్ర.
పైసలు ముందు పోస్తెనే పలికే మీటరు.
పన్నెండు రూపాయలుండంగనే కూతపెట్టేది,
సున్నాకొస్తె
జాకిట్టు చంకకుట్టు సగంల
మిషను ఆగేది.

ఓనరు బుచ్చమ్మ సంతకానికి
మూడు నెల్లు తిప్పింది.
"కిరాయిదానివి, రేపు పోతవ్,
నీ బాకీ ఎవలు కట్టాలె?"

ఇయ్యాల లైన్‌మన్ ఐలయ్య వచ్చి
పాతది ఊడబీకిండు.
గోడకు నాలుగు బొక్కలు, నడుమ తెల్లటి జాగ.
మా పాప అప్పుడే అండ్ల
పెన్సిలుతోని పిల్లిని గీసింది.

బిల్లు నెలాఖరుకట.
కిరాణకొట్టు రాజమౌళి సుత
ఇన్నేండ్లల్ల నాకు ఉద్దెర పెట్టలే.

రాత్రి లేసి చూసిన.
అంకె దిగుతలేదు,
ఎక్కుతాంది.
ఫ్యాను రెండు నుంచి ఒకటికి తిప్పి
పండుకున్న.