నాలుగొందల పద్దెనిమిది

మీ ఊరేదని ఎవరైనా అడిగితే
ఇప్పటికీ నాలిక మీదికి ముందు వచ్చేది అయిదంకెలే.
మాకు వీధి లేదు, ఇంటి నంబరు లేదు,
ఒక ఫీల్డు పోస్టు నంబరు ఉండేది.
బుగుల్మా నుంచి సర్వర్ అమ్మమ్మ
ఆ అంకెలకే ఉత్తరాలు రాసేది.
జర్మనీ అన్న మాట కవరు మీద పడకూడదు.
ఊరూ పేరూ లేనివాళ్ళని తిడతారు కదా,
ఆ తిట్టులో ఆరేళ్ళు కాపురమున్నాం.

మిగ్‌లు లేచినప్పుడల్లా
అద్దాల బీరువాలో టీ గ్లాసులు పళ్ళు కొరికేవి.
అమ్మ మాటని గాల్లోనే ఆపి
చప్పుడు దాటిపోయాక
సరిగ్గా ఆ అక్షరం దగ్గరే అందుకునేది.
నాకూ ఆ అలవాటు అంటుకుంది.
ఫోనులో నేనలా ఆగితే
లైను తెగిందనుకుంటాడు ఇల్నూర్.

తలుపు వెనక నాన్న పెట్టె.
రెండు జతల మేజోళ్ళు, సబ్బు, గడ్డం కత్తి,
మూడు రోజుల తిండి.
అర్ధరాత్రి సైరను మోగితే
దాన్ని చంకన పెట్టుకుని
కోటు గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ పరుగెత్తేవాడు.
నిజం యుద్ధమో ఉత్తుత్తిదో
పొద్దున్న జావ దగ్గరికి ఆయన తిరిగొస్తేనే తెలిసేది.
ఒకరోజు నేనూ ఓస్తాప్‌ కలిసి
అందులోంచి పంచదార బిళ్ళలు కాజేశాం.
ఆ రాత్రే మోగింది.
దుప్పటి కింద అంత గట్టిగా మళ్ళీ ఎప్పుడూ మొక్కుకోలేదు,
యుద్ధం రాకూడదని కాదు,
నాన్న పెట్టె తెరవకూడదని.

ఇంట్లో ఏదీ మాది కాదు.
మంచం, బల్ల, లాంతరు గొడుగు,
అన్నిటికీ అడుగున రేకు బిళ్ళ, దాని మీద అంకె.
నాకూ ఎక్కడో కొట్టే ఉంటారని
అద్దానికి వీపు తిప్పి చూసుకున్నాను.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు నోరుండేది,
బొగ్గు గుట్ట వెనక, కాంక్రీటు పలక పగిలినచోట.
అటువైపు హైకె.
నాకు ముప్పై జర్మన్ మాటలు,
తనకు బళ్ళో బలవంతాన నేర్పిన రష్యన్.
నేను ఎర్ర బ్యాడ్జీలిస్తే తను చూయింగ్ గమ్ ఇచ్చేది,
ఒక్కోసారి సగం నమిలినదే.
నేను బొగ్గు మీద నిలబడేదాన్ని.
తను మునివేళ్ళ మీద నిలబడీ నిలబడీ
మాట మధ్యలో కిందికి జారి మాయమయ్యేది.
చూడలేక ఓ సాయంత్రం
ఓస్తాప్ భుజాలెక్కి
మా వంటింటి స్టూలు గోడ మీంచి అటు పడేశాను.

తొంభై రెండు, మార్చి.
వెళ్ళిపొమ్మన్నారు.
వారంటు ఆఫీసరు జూజిన్ చెవిలో పెన్సిలుతో వచ్చి
చెంచాలు కూడా లెక్కపెట్టాడు.
స్టూళ్ళు నాలుగుండాలి, మూడే ఉన్నాయన్నాడు.
ఆ చలికాలమే మా దేశం మొత్తం లెక్కలో తప్పిపోయింది,
దానికి ఎవరి జీతమూ కోయలేదు.
ఓస్తాప్ వాళ్ళు అప్పటికే విన్నిత్సా రైలెక్కి
వేరే దేశస్థులైపోయారు.
నాన్న నా చేతుల వంక చూశాడు.
రెండేళ్ళుగా గోళ్ళలో ఉన్న బొగ్గు మసిని
అప్పుడే చూసినట్టు.
"విరిగింది, పొయ్యిలో పెట్టాం" అని
నష్టం కాగితం మీద సంతకం చేశాడు.
ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.
జీతంలోంచి పోయింది.

హైకె ముఖం చెప్పమంటే చెప్పలేను.
ఆ కంతలోంచి ఒకసారికి ఒక కన్ను,
లేదా నోరు, లేదా పళ్ళ సందున గమ్.
మొత్తం మనిషిని ఎప్పుడూ చూడలేదు.
స్టూలు నంబరు మాత్రం నాలుగొందల పద్దెనిమిది.
నాలుగు కాస్త పక్కకి ఒరిగి ఉండేది.
ఈపాటికి ఎవరో దానెక్కి
వంటింట్లో బల్బు మారుస్తుంటారు,
కుంటుతోందని ఓ కాలి కింద
మడత పెట్టిన కాగితం ముక్క దోపి.