ఉన్నట్టుండి ఆగిపోయిందట

ఉన్నట్టుండి ఆగిపోయిందంటాడు ఎవారిస్తో.
నలుగురు కలిసి తోసుకొచ్చారు మినీబస్సుని
మా షెడ్డుకి, ఎల్ ఆల్తోలో, నాలుగువేల మీటర్ల ఎత్తున.
ఇక్కడ తోసేవాడికీ ఊపిరందదు, ఇంజనుకీ అందదు.
జూన్ నెల. వాకిట్లో బురద గాజుపలకలా బిగిసింది.

నేనేం మాట్లాడలేదు.
ముప్పై ఏళ్లుగా వింటున్నాను ఈ మాట.
ఉన్నట్టుండి ఆగేవి వాన,
అప్పిచ్చేవాడి నవ్వు.
ఇంజను అలా కాదు,
చెప్పి చెప్పి, విసిగి, ఆగుతుంది.

"పొగ ఏ రంగులో వచ్చింది?"
"పొగ రంగులోనే, దోన్యా కసిమీరా."
నిప్పు లేనిదే పొగ రాదని అందరికీ తెలుసు.
అది ఏ నిప్పో రంగు చెప్తుంది, ఆ రంగు ఎవరూ చూడరు.
నల్లగా వస్తే గాలి చాలక పెట్రోలు మిగిలిపోతోందని,
ఈ కొండమీద సగం బళ్లది అదే గోల,
ఫిల్టరు మారిస్తే కొంత సర్దుకుంటుంది.
నీలంగా వస్తే రింగులరిగి నూనె తాగుతోందని,
రోజుకో చుక్క, దొంగచాటుగా.
తెల్లగా వచ్చి, ఎండెక్కినా తగ్గకపోతే
ముందు మనిషికి కుర్చీ వేస్తాను.

కుర్చీ లేదు. పాత టైరు మీద కూర్చోబెట్టాను.

నూనె మూత తిప్పి తీస్తే
దాని అడుగున పాలు కలిపిన కాఫీ నురగ.
"కాఫీ!" అన్నాడు వ్లాదిమీర్, పనికి చేరి ఎనిమిది నెలలు.
నా మొహం చూసి నవ్వు మింగేశాడు.
నీళ్లూ నూనే కలవవని బళ్లో చెప్తారు.
కలుస్తాయి.
మధ్యలో అట్టముక్కంత గాస్కెట్ కాలిపోతే చాలు.

"రేడియేటర్లో ఏం పోశావు?"
"నీళ్లు."
"కూలెంటు?"
"ముప్పై బొలీవియానోలు దోన్యా, అదీ లీటరు."

ఈ ఎత్తులో నీళ్లు ఎనభై ఆరు డిగ్రీలకే మరుగుతాయి.
రేడియేటరు మూత రబ్బరు ఎండి చిట్లింది,
ఒత్తిడి నిలవదు, ఇంకాస్త ముందే పొంగుతాయి.
పద్దెనిమిది మందిని ఎక్కించుకుని లా పాస్ లోయలోంచి పైకి
రోజుకి ఆరుసార్లు అన్నం ఉడికినట్టు ఉడికింది.
రాత్రి అవే నీళ్లు గడ్డకట్టి ఉబ్బి
లోపలినుంచి ఇనుముని పిడికిలితో గుద్దాయి.
పగలు అలా, రాత్రి ఇలా. ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

ఫిబ్రవరిలో దీని బానెట్టుకి పూలదండలు వేశాడు,
టపాకాయలు కాల్చాడు, నాలుగు చక్రాలకీ బీరు పోశాడు.
అన్నీ పోశాడు.

"ఎర్రదీపం వెలగలేదా?"
ఎవారిస్తో బూటు లేసు కట్టుకోవడం మొదలెట్టాడు.
ముందు సీట్లోంచి వాళ్ల సుల్మా,
తొమ్మిదేళ్లది, కిటికీలోంచి ఊళ్ల పేర్లు అరిచి
చిల్లర లెక్కపెట్టేది అదే, అంది:
"వెలిగింది. నాన్న స్టిక్కరు అంటించాడు."

గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చావయ్యా
అందామని నోరు తెరిచాను.
కానీ ఏప్రిల్లో, బ్రేకులకని వచ్చినప్పుడు
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవి వెనక పెట్టుకుని విన్నాను నేను.
వాటర్ పంపు బేరింగు సన్నగా మూలుగుతోంది,
నిద్రలో పిల్లాడు మూలిగినట్టు.
చెప్పాను. ఒక్కసారి చెప్పాను.
అవతల టాక్సీ హారన్ కొడుతోంది.
"వచ్చే వారం" అన్నాడు, "సరే" అన్నాను.
రెండోసారి చెప్పలేదు.

"ఎంతవుతుంది?"
"హెడ్డు విప్పితే గాని తెలీదు.
వంగిపోతే చెక్కించాలి. పగిలితే..."
మిగతాది టైరు మీద కూర్చున్నవాడికే తెలుసు.

వ్లాదిమీర్ చేతికి స్పానరిచ్చాను.
చివరి బోల్టుల నుంచి లోపలికి రా,
ఒక్కోటి పావు తిప్పు, తొందరపడకు.
పాత ఇనుము కిర్రుమంది, చలికి.

లోపల సుల్మా గోటితో గీకుతోంది,
డ్యాష్‌బోర్డు మీద స్టిక్కరుని.
ఒక మూల లేచింది, చిరిగింది, మళ్లీ గీకింది.
తాళం తిప్పి చూసి
తల బయటపెట్టి చెప్పింది:
"బల్బు బాగానే ఉంది."