ఎడంచేతి కొడవలి

మేస్త్రీ ఆర్ముగం తాపీని
గడపకేసి తట్టి చెవి ఒగ్గుతాడు.
మోగితే కొంటాడు, మూలిగితే లేదు.
మాధవమాల నుంచి వచ్చే చెక్కడం కుర్రాడు
ఉలి అంచుని గోటి మీద నిలబెట్టి
జారకపోతే నవ్వుతాడు.
కంపెనీ పేరు ఎవరూ అడగరు.
పిడి ఊడితే నువ్వుంటావా అంటారు.

తిరుపతిలో, గాంధీరోడ్డు వెనక సందులో
గొడుగంత నీడ మా కొట్టు.
పాకాల బస్సు దిగి చెంగమ్మ ఏడాదికోసారి వస్తుంది.
"అబ్బయా, ఎడంచేతికి కొడవలి ఉండాదా?
ఇది కొయ్యదు, పీకతాది."
లేదన్నాను.
నాలుగో ఏడూ లేదన్నాక, ఆ రాత్రి
పెరట్లో ఎడంచేత్తో గడ్డి కోసి చూశాను.
నలిగింది. తెగలేదు.

పుత్తూరు ఏకాంబరాచారి
నన్ను తిట్టుకుంటూనే
పళ్ళు అటువైపు తిప్పి సాగగొట్టాడు.

చెంగమ్మ గాలిని రెండుసార్లు కోసింది.
కొడవలి వైపు కాదు,
చేతి వైపు చూసుకుంటా నిలబడింది.
"ఇన్నేండ్లూ తప్పు దీనిదే అనుకుంటిని గదయ్యా."

తర్వాత పది రూపాయలు తగ్గించమంది.
తగ్గించలేదు.
పిడికి ఆముదం రాసి,
పాత కాగితంలో చుట్టి,
ఆమె ఎడంచేతికే అందించాను.