ఏడో నంబరు పానా

కుహ్మోలో ఫిబ్రవరి. బయట మైనస్ ముప్పై ఒకటి.
పార్కింగులో కార్లన్నీ
పలుపుతాళ్ళకు కట్టేసిన గొడ్లలా
కరెంటు స్తంభాల దగ్గర వైర్లతో నిలబడి ఉన్నాయి.
తెర మీద మాత్రం జూన్ నెల.
రాత్రి పదకొండైనా పొద్దు వాలని షెడ్డు,
స్పీకరులో దోమ.

కింది వాటా తైస్తో వచ్చాడు,
గురువారం సౌనా వంతు ముగించుకుని,
తడి జుట్టు మీద ఉన్ని టోపీ,
సంచిలో యాలకుల వాసనేసే రొట్టె.
కాఫీ పొయ్యమనలేదు, తనే పోసుకున్నాడు.
దోమ మోతకు మెడ మీద ఫట్‌మని చరుచుకుని
నేను చూశానా లేదా అని చూశాడు.

"ఏం చేస్తున్నావు?"
స్టార్టర్ మోటారు బిగిస్తున్నా.
"ఏ కారుకి?"
లేని కారుకి.
"ఎప్పటినుంచి?"
క్రిస్మస్ నుంచి.
నవ్వలేదు. కుర్చీ లాక్కున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు దుంగల లారీ తోలిన మనిషి.
రష్యా సరిహద్దు దాపున, నక్క కూడా రాని దారుల్లో
ఇంజను కింద దూరి
స్టార్టర్‌ని సుత్తితో తట్టి లేపిన మనిషి.
"నిద్రపోయేవాణ్ణి తట్టినట్టు తట్టాలి, అర్వీ.
పగవాణ్ణి కొట్టినట్టు కాదు."
ఇందులో తట్టడం కుదరదన్నాను.
"గ్రీజు?"
అంటుకోదు.
"తుప్పు?"
ఉంది, రంగు వరకే.
"మరి చెయ్యి ఎక్కడ కోసుకుంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. మౌసు ఆయన వైపు జరిపాను.

పంతొమ్మిదో ఏట రంపపు మిల్లు తినేసింది
ఆ కుడిచేతి చూపుడువేలునీ, మధ్యవేలునీ.
మౌసుని ఉంగరపు వేలికీ బొటనవేలికీ మధ్య
పట్టిన చేపని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
ఎడంచేత్తో ఏదో మీట నొక్కాడు, చూడకుండా.
తెరలో చెయ్యి లేచింది.
అయిదు వేళ్ళ చెయ్యి.
నాలుగు ముడుచుకున్నాయి, మధ్యవేలు నిలబడింది,
షెడ్డుకీ, బల్ల మీది బీరుసీసాలకీ,
జూన్ నెల మొత్తానికీ.

కాఫీ ఒలికింది. దగ్గు దాకా వెళ్ళింది నవ్వు.
"యాభై ఏళ్ళయింది
ఇది ఎవరికైనా చూపించి!"
మళ్ళీ నొక్కాడు. మళ్ళీ.
నాకు చూపించాడు. కిటికీకి చూపించాడు.
మిల్లు యజమాని పేరు చెప్పి మరీ చూపించాడు.

తర్వాత పనిలో పడ్డాడు.
ఇంజను వెనక, గంటలాంటి ఆ ఇనుప డొప్ప పక్కన
మోటారు పెట్టాడు. కూర్చుంది.
ఏడో నంబరు పానా. రెండే బోల్టులు.
చక్రం తిప్పుతూ పెదాలతో లెక్కపెట్టాడు,
ఎనిమిది, ఆ పైన ఊరికే ఇంకో పావు చుట్టు.
అది అక్కర్లేదన్నాను.
"నీకు అక్కర్లేదు."

బ్యాటరీ. ఎర్ర వైరు. తాళం.

టక్.

ఆ ఒక్క చప్పుడే. ఆ తర్వాత దోమ.
నేను వైర్ల పటం వెతికేలోపు
ఆయన కళ్ళు మూసుకునే అన్నాడు: "ఎర్తు."
నిజమే. నల్ల వైరు నేల మీదే పడి ఉంది,
మార్చి నుంచి నేను దాటుకుంటూ తిరిగినది కాబోలు,
సాసేజి పొట్లం కింద.
ఫిబ్రవరిలో మార్చేమిటని అడగలేదాయన,
నేనూ లెక్క సరిచెయ్యలేదు.

ఈసారి తిరిగింది.
మొదట ముసలి కుక్క గొంతు సవరించుకున్నట్టు,
ఆపైన గోడ అవతల హిల్ప్పా
రేడియేటర్ గొట్టం మీద గరిటెతో కొట్టేంత గట్టిగా.

తైస్తో మౌసు వదల్లేదు.
రొట్టె చల్లారింది. కిటికీ అంచున మంచు
లోపలివైపు కూడా పట్టింది.
తెరలో ఆ చెయ్యి బానెట్ మీద ఆనుకుని ఉంది,
అయిదూ అయిదే.
వేడి తెలుస్తుందా అని అడగబోయాడేమో,
అడగలేదు.

"ఆపు," అన్నాడు.
ఆపాను.
"విప్పు."
ఏంటి?
"ఆ రెండు బోల్టులూ. విప్పెయ్.
మళ్ళీ నేనే బిగిస్తా."