ఊరికే ఎక్కిన కొండ

జిద్దాలో నేను చల్లదనం అమ్ముతాను.
నిచ్చెన భుజాన వేసుకుని మిద్దెల నెత్తికెక్కి
రాగి గొట్టాల్లో గ్యాసు నింపి
"చూడండి సార్, పద్దెనిమిది" అని చెప్పి దిగి వస్తాను.
నా గదిలోనూ ఏసీ ఉంది.
మధ్యాహ్నానికల్లా దానికీ నాకూ ఒకటే ఆయాసం.

ఈద్‌కు మూడు రోజుల సెలవు.
ఇద్రీస్ కారు, వాడి సూడాను పాటలు,
వెనక సీట్లో దస్తగిరి, వాడి ఒళ్లో అన్నం డబ్బా.
రాత్రంతా సముద్రం పక్కనే దక్షిణానికి పోయి
తెల్లవారుజామున కొండ మలుపుల్లో పడ్డాం.
సొరంగం దాటిన ప్రతిసారీ కొంత వేడి రాలిపోతోంది.
"ఏసీ కట్టెయ్ ఇద్రీస్" అన్నాను.
పదకొండేళ్లలో నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

అసీర్ పార్కు దగ్గర మిస్ఫర్ అనే ముసలి కాపలాదారు
చెవి వెనక ఏదో ఆకురెమ్మ చెక్కుకుని
మా చెప్పులు చూసి నవ్వాడు.
రాళ్ల మీద తెల్ల గుర్తులుంటాయి, వాటి వెంట పొండి.
మంచు కమ్మితే తొందరపడొద్దు.
కోతులు అరిచే దిక్కుకు మాత్రం పోవద్దు.
అవి కొండ అంచునే కాపురముంటాయి,
అరుపు ఉన్నచోట నేల ఉండదు.
ఆయన అరబ్బీ నాకు సగమే అర్థమైంది.
మిగతా సగం తర్వాత అర్థమైంది.

పాలకొండల కింద పుట్టినోణ్ని నేను.
మా అవ్వ కట్టెల కోసం ఎక్కేది,
మా నాయన తప్పిపోయిన మేక కోసం.
ఉత్త చేతులతో ఎక్కి ఉత్త చేతులతో దిగినోళ్లు
మా ఇంట్లో ఎవరూ లేరు.
"పైనుంచి ఏం తెచ్చుకుందాం?" అడిగాడు దస్తగిరి.
"ఏమీ లేదబ్బా. ఊరికే."
ఆ మాట చాలాసేపు నోట్లో కరగలేదు,
బుగ్గన పెట్టుకున్న బెల్లంగడ్డ మాదిరి.

అర్అర్ అంటారంట ఆ చెట్లను.
పిండి వదిలేసిన తడిగుడ్డలా మెలితిరిగిన మాను,
నెత్తిన ఎండు, నడుము కింద పచ్చ.
ఆకు నలిపితే
ఇస్కూల్లో పెన్సిలు చెక్కిన వాసన.
కింద మెట్లు మెట్లుగా రాతికయ్యలు,
ఎవరో పేర్చినవి, ఎవరూ విత్తనివి.

కోతుల మంద దారికి అడ్డంగా కూర్చుంది.
వెండి జూలు మగకోతి మా ఫోర్‌మన్‌లా ఆవలించి
కోరలన్నీ లెక్క చూపించింది.
దస్తగిరి అన్నం డబ్బాను చొక్కాలో దాచుకున్నాడు.
ఒక తల్లి, వీపున పిల్ల,
మా ముగ్గురినీ ఒకసారి చూసి
చూడదగ్గది ఏమీ లేదన్నట్టు మళ్లీ పేలు వెతుక్కుంది.
ఈ దేశంలో నన్నెవరూ కాగితాలు అడగకుండా చూసింది అప్పుడే.

మంచు పైనుంచి దిగుతుందనుకున్నాను.
లోయలోంచి వచ్చింది,
మూత తోసుకుని పొంగే గంజిలా.
మొదట చెట్లు పోయాయి, తర్వాత ఇద్రీస్ పోయాడు,
నా మోకాళ్లు పోయాయి.
తువ్వాలు ఒక కొస నేను, ఒక కొస దస్తగిరి,
మధ్యలో దగ్గుతూ ఇద్రీస్.
అప్పుడు అరిచాయి అవి,
కుడిచేతి వైపు,
కుక్కల్లా గొంతు చించుకుని.
అటే మనుషులున్నారని నా కాలు లేచింది.

అరుపు ఉన్నచోట నేల ఉండదు.

ఆ గొంతులకు వీపు తిప్పి
ఒక్కో రాయినీ చేత్తో తడుముతూ నడిచాం.
నా అరచేతికి సున్నం అంటుకున్నప్పుడు
దస్తగిరి ఏడ్చాడో నవ్వాడో కనిపించలేదు.

శనివారం మళ్లీ మిద్దె మీద ఉన్నాను.
"ఇంకా చల్లగా రావట్లేదు" అంటోంది ఒకామె కిందనుంచి.
మంచుకు తడిసిన చొక్కాను
ఆరేయలేదు, ఉతకలేదు,
ప్లాస్టిక్ సంచిలో ముడేసి పనిముట్ల కింద పెట్టాను.
మూడోరోజుకు ముక్కవాసన పట్టింది.
దస్తగిరి ముక్కు మూసుకున్నాడు.
నేను మాత్రం ముడి విప్పి
ఇంకోసారి చూసి, మళ్లీ కట్టేశాను.