పిండి మీద రాసిన పేర్లు

త్బిలిసీలో తెల్లవారుజాము నాలుగు.
అక్కడ, సముద్రాల అవతల, ఇంకా నిన్నటి సాయంత్రమే.
వాళ్లు ఎర్ర తివాచీ మీద నడుస్తున్నారు,
మేం నేలమాళిగలో
యాభై కిలోల బస్తా మూతి విప్పుతున్నాం.

ఫ్రిజ్ నెత్తిన చిన్న టీవీ.
రిమోటుకి పిండి పట్టి
ఏడో నంబరు తప్ప మరేదీ నొక్కుడుపడదు.
మా అదృష్టం, వేడుక ఏడులోనే.

పందేలు బల్ల మీద, చల్లిన పొడిపిండిలో
చూపుడువేలితో రాసుకున్నాం.
ఓడినవాళ్లు వారం రోజులు పిండితొట్లు కడగాలి.
ఉత్తమ చిత్రం, ఓతార్ లెక్కన, ఆ యుద్ధం సినిమా.
"ఏడుపున్నదానికే ఇస్తారు" అంటాడు.
సినిమా చూడలేదు, పోస్టరు చూశాడు.
కేతో గుర్రమున్న సినిమాకి రాసింది,
చివర్లో గుర్రం చచ్చిపోతుందని చెప్పినా చెరపలేదు.
నేను ఆ ముసలి నటుడి పేరు రాశాను:
ఆరుసార్లు ఉత్తచేతులతో ఇంటికెళ్లినవాడు,
ఓడిన ప్రతిసారీ
అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు.

నాజిబ్రోలా ఒక్కటే అడిగింది:
"శబ్దానికి ఎప్పుడిస్తారు?"

పోయిన చలికాలం ఒకడొచ్చాడు, ఏ దేశం వాడో,
పిల్లి బొచ్చులాంటిది తొడిగిన మైకు పట్టుకుని.
మూడు రాత్రులు పొయ్యి పక్కనే.
మాట్లాడొద్దన్నాడు. దగ్గొద్దన్నాడు.
ఆమె బావిలాంటి పొయ్యిలోకి నడుందాకా వంగి
పచ్చి రొట్టెను కాగిన గోడకి చరుస్తుంటే
ఆ ఒక్క చప్పుడు రెండొందలసార్లు పట్టుకున్నాడు.
పోతూ పది రొట్టెలు కొన్నాడు, చిల్లర వద్దన్నాడు.
తర్వాతెప్పుడో తెలిసింది,
ఆ సినిమాలో పెళ్లాం మొగుణ్ణి కొట్టే చెంపదెబ్బ
మా రొట్టేనని.

"ఇదిగో, ఈ ప్రకటన కాగానే."
టూత్‌పేస్టు. బీమా. మళ్లీ టూత్‌పేస్టు.
తిరిగొచ్చేసరికి వ్యాఖ్యాత పళ్లన్నీ చూపించి
విరామంలో కొన్ని బహుమతులు ఇచ్చేశామన్నాడు.
తెర అడుగున మూడు మొహాలు, రెండు క్షణాలు.
"ఆ గడ్డం అతనే!" కేతో.
"మనవాడికి గడ్డమెక్కడిది?" ఓతార్.
"అప్పుడు లేదు."
ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

ఇక ఒక్కో కవరూ చిరుగుతుంటే
మా జోస్యాలు ఒక్కోటీ గాల్లో కలిశాయి.
యుద్ధం ఓడింది, గుర్రమూ ఓడింది.
మాలో ఎవరూ పేరైనా వినని సినిమా ఏదో
పాతికమందిని వేదికెక్కించింది.
మా ముసలాయన ఏడోసారి
చప్పట్లు మొదలుపెట్టాడు.
నేను చొక్కా చేతులు మడిచి తొట్ల వైపు చూశాను.

ఉత్తమ నటి దగ్గర ఆ ముక్క వేశారు.
వంటగది. మొగుడు ఏదో నసుగుతున్నాడు.
ఆమె చెయ్యి లేచింది.
ఫట్.
పట్టుబట్టల్లో ఉన్న మూడువేలమంది
ఒక్కసారి ఊపిరి పీల్చారు.
పొయ్యిలో తల దూర్చి ఉన్న నాజిబ్రోలా
ఉలిక్కిపడి పైకి లేచింది.
చేతిలో పచ్చి రొట్టె అలాగే వేలాడుతోంది.
"ఏమిటీ, నేనింకా కొట్టలేదే!"

ఆ నటికే వచ్చింది.
అమ్మకి, దర్శకుడికి, డ్రైవరుకి,
పేరు మర్చిపోయిన ఒక డాక్టరుకి కృతజ్ఞతలు చెప్పింది.
పిసకడం ఆపి మరీ విన్నాం.
కుక్క దాకా వచ్చి ఆగింది.

ఏడున్నరకి ఓతార్ బల్ల తుడవలేదు.
ముద్ద తెచ్చి పేర్ల మీదే పడేసి
రెండు చేతులా మర్దించాడు.
యుద్ధమూ గుర్రమూ ముసలాయనా
ఉప్పుతో పాటు లోపలికి పోయాయి.
పిండి కొద్దీ రొట్టె.

కిటికీ తట్టింది మొదటి బస్సు నడిపే మాగ్వాలా,
టోపీ మీద మంచు దులుపుకుంటూ.
"రాత్రంతా చూశారటగా, ఎవరికొచ్చింది?"

నాజిబ్రోలా కొక్కెంతో వేడివేడిది ఒకటి లాగి
కాగితంలో చుట్టి చేతికిచ్చింది.
"శబ్దానికి మనవాడికే" అంది,
"గడ్డం పెంచాడు."